మొదటి పందెం వేసే ముందు



సెలవులొస్తే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక ఆట పరుచుకుంటుంది. అటక మీది క్యారమ్ బోర్డు కిందికి దిగుతుంది. డబ్బాలో దాచిన గవ్వలు బయటికొస్తాయి. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు ఎవరూ చూడని కొత్త ఆట ఒకటి పెద్ద అట్టపెట్టెలో తెస్తారు. అందరూ చుట్టూ చేరాక మొదటి ప్రశ్న ఒకటే: "ఇది ఎట్లా ఆడాలి?" ఈ ప్రశ్న గురించి, దానికి మనం చెప్పే జవాబు గురించి ఈరోజు మాట్లాడుకుందాం. కొత్త ఆట నియమాలు నేర్చుకోవడం, నేర్పడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. న్యాయంగా మసలుకోవడంలో పిల్లలకు అందే తొలి పాఠం అక్కడే ఉందని నా నమ్మకం.

ఉదాహరణకి ఒక ఊరు చూద్దాం. హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటితే అలియాబాద్ వస్తుంది. నిన్నమొన్నటి దాకా పంచాయతీ, ఇప్పుడు మున్సిపాలిటీ. పక్కనే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. టీకాల కంపెనీలు, మందుల పరిశోధనశాలలు అక్కడే ఉన్నాయి. ఇటు శామీర్‌పేట వైపు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ వాళ్ళ హైదరాబాద్ క్యాంపస్. అందుకని ఈ చుట్టుపక్కల పాత కాపులూ ఉన్నారు, ఉద్యోగానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు, వేరే రాష్ట్రాల నుంచి చదువుకి, కూలికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇలాంటి ఊళ్ళో ఒక అరుగు మీద నలుగురు పిల్లలు అష్టా చెమ్మాకి కూర్చున్నారనుకోండి. నలుగురికీ ఆట వచ్చు. నలుగురూ నాలుగు ఇళ్ళలో నేర్చుకున్నారు. రెండు రౌండ్లు తిరిగేసరికి "తొండి! తొండి!" అన్న కేక వినిపిస్తుంది. నిజానికి అక్కడ తొండి చేసినవాళ్ళు ఎవరూ లేరు. ప్రతి పిల్లా, పిల్లవాడూ వాళ్ళ నాయనమ్మ చెప్పినట్టే ఆడుతున్నారు. ఆ నాయనమ్మలు మాత్రం ఒకే ఊరివాళ్ళు కారు.

అష్టా చెమ్మా సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. గచ్చు మీద సుద్దతోనో బొగ్గుతోనో అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం 25 గళ్ళు గీస్తాం. నాలుగు వైపులా మధ్య గడిలో అడ్డగీతలు కొట్టి గుర్తు పెడతాం. నట్టనడిమి గడిలోనూ పెడతాం. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. ఒకరివి చింతగింజలైతే ఇంకొకరివి గాజుపెంకులు, మరొకరివి చీపురుపుల్లల ముక్కలు. పందెం వెయ్యడానికి నాలుగు గవ్వలు. ఒక్కటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. చెమ్మా పడినా అష్టా పడినా ఇంకో పందెం వేసుకోవచ్చు.

ఆ ఇంకో పందెం ఎందుకు ఇచ్చారో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. గవ్వ రెండు వైపులా సమంగా పడుతుందనుకుంటే, నాలుగు గవ్వలు 16 రకాలుగా పడగలవు. వాటిలో రెండు వచ్చే రకాలు 6. ఒకటి వచ్చేవి 4, మూడు వచ్చేవి 4. చెమ్మా ఒక్కటే రకం, అష్టా ఒక్కటే రకం. అరుదుగా పడేదానికి పెద్ద ఫలం ఇచ్చారు. ఈ లెక్క కాగితం మీద వెయ్యని అవ్వల చేతికి కూడా తెలుసు. పిల్లవాడికి నియమంతో పాటు ఈ కారణం కూడా చెబితే నియమం మరిచిపోడు. కారణం తెలిసిన నియమం ఎక్కువ కాలం నిలుస్తుంది.

కాయ తన ఇంటి నుంచి బయలుదేరి బయటి వరసంతా ఒక దిక్కుగా చుట్టి, లోపలి వరసలో దిక్కు మారి ఎదురుగా తిరిగి, చివరికి నడిమి గడికి చేరి పండుతుంది. ఇంటి నుంచి పండేదాకా 24 అడుగులు. మధ్యలో ఎదుటివాడి కాయ ఉన్న గడిలో మన కాయ పడితే వాడి కాయ చచ్చి మళ్ళీ మొదటికి పోతుంది. గుర్తు పెట్టిన గళ్ళలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు.

ఇంతవరకూ దాదాపు అందరిదీ ఒకే మాట. తేడాలు ఇక్కడి నుంచి మొదలవుతాయి. ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా కొట్టకుండా లోపలి వరసలోకి పోవచ్చా? చాలా ఇళ్ళలో పోకూడదు, కొన్ని ఇళ్ళలో పోవచ్చు. కాయ కొడితే ఇంకో పందెం ఉందా? ఒకే గడిలో ఒకరివే రెండు కాయలు జత కూడితే వాటిని చంపొచ్చా? వరసగా మూడుసార్లు పెద్ద పందెం పడితే ఆ మూడూ కొట్టివేసినట్టా? పండటానికి సరిగ్గా అంతే పడాలా, ఎక్కువ పడినా సరిపోతుందా? ఈ ఐదు ప్రశ్నలకూ ఊరికో జవాబు, ఒక్కోసారి వీధికో జవాబు ఉంటుంది. ఏ జవాబూ తప్పు కాదు. ఆట మధ్యలో జవాబు చెప్పడమే తప్పు.

ఇక్కడ నేను ముఖ్యమని నమ్మే మాట ఒకటి చెబుతాను. అయితే ఆటలో నియమాలన్నీ ఒక్క బరువువి కావు. కొన్ని నియమాలు ఆలస్యంగా తెలిసినా నష్టం లేదు. "కాయ కొట్టావుగా, ఇంకో పందెం వేసుకో" అని ఆట నడుస్తుండగా చెబితే కొత్తగా ఆడే పిల్ల సంతోషిస్తుంది. కొన్ని నియమాలు మాత్రం ఆలస్యంగా తెలిస్తే దెబ్బ తీస్తాయి. ఇంకో పిల్ల ఎవరి కాయనూ చంపకుండా, తన కాయలను జాగ్రత్తగా కాపాడుకుంటూ బయటి వరసంతా తిరిగి వచ్చింది. తీరా లోపలికి అడుగు పెట్టబోతుంటే, "ఒక్క కాయనన్న కొట్టంది లోపలికి పోనియ్యరు బిడ్డా" అన్నారు. ఆమె ఆడిన ఆటంతా ఆ ఒక్క మాటతో వృథా. ముందే తెలిసుంటే ఆమె వేరేగా ఆడేది. అందుకే ఆట నేర్పేవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకోవాలి. నష్టం తెచ్చే నియమం ప్రతి ఒక్కటీ మొదటి పందెం వేసే ముందే చెప్పాలి. లాభం తెచ్చేవి అవసరం వచ్చినప్పుడు చెప్పినా సరిపోతుంది.

నియమం తేల్చుకోకుండా ఆటకు కూర్చుంటే ఏమవుతుందో మన జాతికి మహాభారతం కంటే గట్టిగా చెప్పిన గ్రంథం లేదు. నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలోనే ఆ జూదం ఉంది. పందెం ఒడ్డేది దుర్యోధనుడు, పాచికలు వేసేది శకుని. ఒకరి కోసం ఇంకొకరు ఆడటం సరైన పద్ధతిగా తోచడం లేదని వ్యాసభారతంలో ధర్మరాజు ఆట మొదట్లోనే అంటాడు. అంటాడు కానీ ఆ సంగతి తేలేదాకా ఆగడు. కూర్చుంటాడు. తరువాత రాజ్యం, తమ్ముళ్ళు, తాను, చివరికి ద్రౌపది. అప్పుడు ద్రౌపది వేసిన ప్రశ్న కూడా ఆట నియమానికి సంబంధించిన ప్రశ్నే. తన్ను తాను ముందే ఓడిపోయినవాడికి ఆ తరువాత భార్యను పందెం ఒడ్డే అధికారం ఉంటుందా అని అడిగింది. అంత పెద్ద సభలో భీష్ముడు కూడా తేల్చి చెప్పలేకపోయాడు. కౌరవ సోదరుల్లో వికర్ణుడు ఒక్కడు లేచి ఆమె పక్షాన మాట్లాడాడు. పందెం వెయ్యకముందు తేలవలసిన విషయం పందెం పడ్డాక తేలదు. అప్పటికి గెలిచినవాడి నోరే పెద్దదవుతుంది.

మన ఇళ్ళలో ఒడ్డేది రాజ్యాలు కాదు. అయినా ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆ సాయంత్రం ఆటే రాజ్యం. పెద్దవాళ్ళు తమకు అనుకూలంగా నియమం మార్చారని వాడికి ఒక్కసారి తోచిందంటే ఆ ఆట మీదే కాదు, ఆ పెద్దల మాట మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

ఇప్పుడు ఇంకో ఆట చూద్దాం. పులి-మేక. పులిజూదం అని కూడా అంటారు. పాత గుళ్ళ మండపాల్లో, సత్రాల అరుగుల మీద బండరాయికే ఈ పటం చెక్కి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. కొండలా పైకి మొనదేలిన పటం, దాన్ని అడ్డంగా కోసే గీతలు, గీతలు కలిసే చోట్లు 23. ఒకరి దగ్గర మూడు పులులు, ఇంకొకరి దగ్గర పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పటం మీద పెట్టాలి. అన్నీ పెట్టడం అయ్యేదాకా ఏ మేకనూ కదపకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ కదలొచ్చు. పక్కనున్న మేక మీదుగా నేరుగా అవతలి ఖాళీ చోటుకి దూకితే ఆ మేక చచ్చినట్టు. మేకలు పులిని చంపలేవు. మూడు పులులకూ కదలడానికి చోటు లేకుండా కట్టివేస్తే మేకలు గెలుస్తాయి. పులి గెలవడానికి ఎన్ని మేకలు చావాలన్నది మళ్ళీ ఊరికో లెక్క. అది ముందే అనుకోవాలి.

ఈ ఆటలో ఇద్దరికీ ఒకే నియమాలు లేవు. పులికి ఒక ధర్మం, మేకకు ఒక ధర్మం. కాబట్టి నేర్చుకునేవాళ్ళు రెండు వైపులా కూర్చోవాలి. ఒక ఆట పులులతో ఆడి, తరువాతి ఆట మేకలతో ఆడాలి. మేకలతో ఆడిన పిల్లవాడికి వెనక ఖాళీ చోటు వదిలితే ఏమవుతుందో మూడు మేకలు పోయేసరికి అర్థమవుతుంది. దాన్ని ముందే చెప్పనవసరం లేదు. ఇక్కడ నేర్పేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన తేడా ఉంది. నియమం చెప్పాలి, ఎత్తు చెప్పకూడదు. "అట్లా పెట్టకు, ఇట్లా పెట్టు" అని పక్కన కూర్చుని ప్రతి ఎత్తూ చెప్పేవాళ్ళు తామే ఆడుతున్నట్టు. నేర్చుకునేవాడి చేతులు మాత్రం వాడుకుంటున్నారు. నియమం దాచడం ఎంత అన్యాయమో, ఎత్తు కనిపెట్టే ఆనందం లాగేసుకోవడం కూడా అంతే అన్యాయం.

పాత ఆట వచ్చినవాళ్ళు కొత్త నియమాలు నేర్చుకోవడం ఇంకా కష్టం. అలవాటైన చెయ్యి పాత దారినే పోతుంది. దీనికి చరిత్రలో గొప్ప ఉదాహరణ మీర్ సుల్తాన్ ఖాన్. 1903 ప్రాంతంలో పంజాబులో పుట్టాడు. చిన్నప్పుడు నేర్చుకున్నది మన దేశపు పాత చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. కోట కట్టుకోవడం లేదు. దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. ఆ ఆటలో చెయ్యి తిరిగినవాడు యూరప్ నియమాలు కొత్తగా నేర్చుకుని 1928లో అఖిల భారత పోటీ గెలిచాడు. మరుసటి ఏడాది లండన్ వెళ్ళి బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. మళ్ళీ 1932లో, 1933లో కూడా గెలిచాడు. మాజీ ప్రపంచ చాంపియన్ కపాబ్లాంకాను సైతం ఓడించాడు. ఆట ఆరంభంలో ఎత్తులు తెలియక ఇబ్బంది పడేవాడనీ, ఆట నడిమికి వచ్చేసరికి అతన్ని పట్టడం కష్టమనీ చదరంగం రచయితలు రాశారు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 2024లో, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది.

ఒకే నియమం లోకమంతా ఒప్పుకోవడంలో మేలు కూడా ఉంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటాడు. మన దేశంలో విశ్వనాథన్ ఆనంద్ తరువాత అతనే. వరంగల్లో నేర్చిన ఎత్తు ఏ దేశంలో కూర్చున్నా చెల్లుతుంది. అట్లాగని ఊరి నియమాలు పనికిరానివి అనుకోకూడదు. పోటీకి ఒక నియమం, ఇంటి అరుగుకి ఇంకో నియమం ఉండొచ్చు. ఏది ఎక్కడ చెల్లుతుందో తెలిస్తే చాలు.

ఇక పెట్టెల్లో వచ్చే కొత్త ఆటలు. వాటితో పాటు ఒక నియమాల పుస్తకం వస్తుంది. ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని అందరి ముందూ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివితే పది నిమిషాలకే పిల్లలు లేచిపోతారు, పెద్దలు ఆవులిస్తారు. చదవవలసినవాళ్ళు ముందు రోజే చదువుకోవాలి. పటం పరిచి ఒక్కరే రెండు వైపులా కాసేపు ఆడి చూసుకోవాలి. అప్పుడు సందేహాలు వాటంతటవే బయటపడతాయి.

ఉదాహరణకి కటాన్ అనే ఆట తీసుకుందాం. 1995లో జర్మనీలో క్లౌస్ టోయ్‌బర్ అనే ఆయన తయారుచేశాడు. ఆ ఏడాదే ఆ దేశంలో మేటి ఆటగా బహుమతి పొందింది. ఒక దీవిలో ఊళ్ళు, దారులు కట్టుకుంటూ పోయే ఆట అది. దీన్ని నేర్పాలంటే మొదటి వాక్యం ఇట్లా ఉండాలి: "ముందు ఎవరికి 10 పాయింట్లు వస్తే వాళ్ళు గెలిచినట్టు." ఆట ఎక్కడికి పోతోందో తెలిస్తే తక్కిన మాటలు చెవికెక్కుతాయి. ఆ తరువాత ఒక వంతులో ఏమేమి చెయ్యాలో చెప్పాలి: రెండు పాచికలు వెయ్యి, పంట తీసుకో, ఇచ్చిపుచ్చుకో, కట్టుకో. ఆ తరువాత దెబ్బ తీసే నియమం: పాచికల మీద ఏడు పడితే, చేతిలో ఏడు కంటే ఎక్కువ కార్డులున్న ప్రతి ఒక్కరూ సగం వదిలెయ్యాలి. ఈ మాట ముందే చెప్పకుండా, ఎనిమిది కార్డులు కూడబెట్టుకున్న పెద్దమ్మకు ఏడు పడ్డాక చెబితే ఆమె మళ్ళీ ఆ ఆటకు కూర్చోదు. అందులో ఆమె తప్పేమీ లేదు.

పుస్తకం ఉన్నా చదవకపోతే ఏమవుతుందో మోనోపలీ చూపిస్తుంది. 1935 నుంచి అమెరికాలో పార్కర్ బ్రదర్స్ అమ్మిన ఆట అది. అందులో ఒకరు స్థలం మీద ఆగి కొననంటే, బ్యాంకు దాన్ని వెంటనే వేలం వెయ్యాలని నియమం. చాలా ఇళ్ళలో ఈ వేలం మాటే తెలియదు. పైగా జరిమానాల డబ్బంతా మధ్యలో పోగు చేసి, ఫ్రీ పార్కింగ్ గడిలో ఆగినవాళ్ళకి ఇస్తారు. పుస్తకంలో అది లేదు. వేలం లేక స్థలాలు అమ్ముడుపోవు, పోగుపడిన డబ్బు చేరి ఓడిపోవలసినవాళ్ళు ఓడిపోరు. దాంతో ఆట గంటల తరబడి సాగి అందరికీ విసుగు పుడుతుంది. ఆట బాగాలేదని పెట్టె అటకెక్కిస్తారు. బాగాలేనిది ఆట కాదు, నోటి మాటగా చేతులు మారిన నియమం.

కాబట్టి శ్రోతలారా, కొత్త ఆటకు కూర్చునే ముందు నాలుగు మాటలు పాటించమని కోరుతున్నాను. మొదటిది, గెలుపు అంటే ఏమిటో ముందు చెప్పండి. రెండోది, ఒక వంతులో ఏం చెయ్యాలో చేసి చూపించండి. మూడోది, నష్టం తెచ్చే నియమాలన్నీ మొదటి పందెం ముందే చెప్పండి. నాలుగోది, మొదటి ఆట లెక్కలోకి రాదని అందరూ ఒప్పుకోండి. అది నేర్చుకునే ఆట. అందులో ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు, మధ్యలో అడగొచ్చు, ఒకరి చేతిలోవి ఒకరు చూడొచ్చు. ఆట నడుమ ఎవరూ అనుకోని సందేహం వస్తే అందరూ కలిసి అప్పటికి ఒక నిర్ణయానికి రండి, ఆ ఆటంతా దానికే కట్టుబడండి. ఓడిపోయేవాళ్ళకు అనుకూలంగా తేల్చితే గొడవ ఉండదు.

నేర్చుకునేవాళ్ళకు కూడా ఒక మాట. తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి. "అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు" అనుకుని తల ఊపితే, ఆ తల ఊపినందుకే తరువాత ఓడిపోతారు. మీరు అడిగిన ప్రశ్న పక్కవాళ్ళకు కూడా వచ్చి, అడగలేక ఊరుకున్న ప్రశ్నే అయి ఉంటుంది.

చివరగా ఒక విన్నపం. పెట్టెల్లో వచ్చే ఆటలకు పుస్తకాలున్నాయి. మన అష్టా చెమ్మాకి, పచ్చీసుకి, బారాకట్టకి, పులి-మేకకి, వామనగుంటలకి మీ ఊరి నియమాల పుస్తకం ఎక్కడుంది? మీ ఇంట్లో పెద్దావిడ నోట్లో ఉంది. అలియాబాద్ లాంటి ఊళ్ళు కళ్ళ ముందే పట్నంలో కలిసిపోతున్నాయి. అరుగులున్న ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు వస్తున్నాయి. ఆ పెద్దవాళ్ళు ఉండగానే ఒక నోటుబుక్కు తీసుకుని కూర్చోండి. ఆట పేరు, ఊరి పేరు, పటం బొమ్మ, కాయలెన్ని, ఏ పందేనికి ఎంత, ఎక్కడ చంపొచ్చు, ఎక్కడ చంపకూడదు, ఎప్పుడు గెలిచినట్టు, ఇవన్నీ ఆమె మాటల్లోనే రాయండి. పక్క ఊరివాళ్ళ నియమం వేరైతే అదీ పక్కనే రాయండి. ఒక ప్రతి మీ ఊరి బడికి ఇవ్వండి, ఇంకొకటి గ్రంథాలయానికి ఇవ్వండి. పనంతా ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఈ సెలవుల్లో మీ నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఒక పాత ఆట నేర్చుకోండి, ఆమెకు ఒక కొత్త ఆట నేర్పండి. నేర్పేటప్పుడు మాత్రం నష్టం తెచ్చే నియమాలన్నీ ముందే చెప్పండి.